పచ్చ పడవ వైపు

విశాఖపట్నం
9 నవంబరు 2025

వదినకు,

నిన్న ఫోన్‌లో "ఆరోగ్యం జాగ్రత్త వదినా, చలిలో తిరగొద్దు" అన్నాను కదా, అది అమ్మ కోసం. అమ్మకు చెవులు మందగించిన దగ్గర్నుంచి మన ఇంటి ఫోను స్పీకర్లోనే మోగుతోంది. నేనిక్కడ దగ్గితే అక్కడ పక్కింటి పెంచలకృష్ణ అన్న "ఏమ్మా, జలుబా?" అని అడుగుతున్నాడు. కాబట్టి మన అసలు మాటలు ఉత్తరాల్లోనే. ఇది నీ ఒక్కదాని కోసం.

సంగతేమిటంటే, ఫిబ్రవరిలో విడవలూరు వైపు సముద్రం ఒడ్డున ట్రయాథ్లాన్ పెడుతున్నారు. ఈసారి పొట్టిది కాదు, పెద్దది. దాదాపు రెండు కిలోమీటర్లు సముద్రంలో ఈత, ఆ తడి ఒంటితోనే తొంభై కిలోమీటర్లు సైకిలు, దిగీ దిగకముందే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. నేను పేరిచ్చాను. ఒక్కదాన్నే.

నువ్వు మూతి ముడుస్తావని తెలుసు. మూడేళ్ళుగా పొట్టి పోటీల్లో మనం ముగ్గురం ఒక జట్టు. ఈత నాది, సైకిలు మా అన్న మధుబాబుది, పరుగు నీది. షీల్డులన్నీ మీ టీవీ మీదే ఉన్నాయి, నేనేమీ అడగలేదు. కానీ వదినా, నాకు ఈత వల్ల రైల్వేలో ఉద్యోగం వచ్చింది. ఆ ఆఫీసులోనే నన్ను చూసి "మీ వదిన భలే పరిగెత్తుతుందటగా" అంటున్నారు. పోయినసారి పేపర్లో వేసింది కూడా గీత దాటుతున్న నీ ఫోటోనే. నేను సముద్రంలోంచి లేచి వచ్చేటప్పుడు ఎవరూ ఫోటో తీయరు. ముక్కు కారుతూ ఉంటుంది కదా. అందుకే ఈసారి మొదటి నుంచి చివరి దాకా నేనే ఉండాలని పట్టుపట్టాను. మన పాళెంలో పెద్ద దూరం పూర్తి చేసిన మనిషి ఇంతవరకు లేదు. ఆ మొదటి మనిషి నేనే కావాలి.

మా ఆయన కొత్త సైకిలు కొనిచ్చారు. చిటికెన వేలితో ఎత్తొచ్చు. ఫోటో పంపిస్తే అమ్మ ఊరంతా చూపిస్తుందని పంపలేదు. అన్నకు ఒక మాట చెప్పు. ఈత జరిగేటప్పుడు కాపలాకు పడవలు కావాలని నిర్వాహకులు అడుగుతున్నారట. మన పడవ తెచ్చి మలుపు దగ్గర నిలపమను. ఎలాగూ నా పేరున్న పడవే కదా.

నీ కాళ్ళకు ఈ ఏడాది విశ్రాంతి ఇవ్వు.

నీ ఆడబిడ్డ
వనజాక్షి

---

జువ్వలదిన్నె
18 నవంబరు 2025

వనజకు,

నీ ఉత్తరం వచ్చేసరికి పొయ్యి మీద సొరచేప పుట్టు ఉంది. చదివి తిరిగి చూసేసరికి అడుగంటింది. అత్తమ్మ అడిగితే నీ కూతురి వల్లే అని చెప్పాను.

నా కాళ్ళకు విశ్రాంతి ఇచ్చినందుకు సంతోషం. పేరిచ్చేసి ఆ తరువాత చెప్పినందుకు ఇంకా సంతోషం. నేను మూతి ముడవలేదు వనజా. నాకు ఒళ్ళు మండింది. దాన్ని ఇంకో పేరుతో పిలవడం నాకు రాదు. మూడేళ్ళు మీ అన్నాచెల్లెళ్ళు వెనకబడి వస్తే, చివర్న నేను పరిగెత్తి లాక్కొచ్చాను. ఒక్క ఫోటో నాదైతే అది నీకు ముల్లయింది. మిగతావన్నీ ఎవరివి? అత్తమ్మ నోట్లో పేరు నీది. పడవ మీద పేరు నీది. పెళ్ళయి పదేళ్ళయినా మీ అన్న తెల్లారకముందే "వనజాక్షి" ఎక్కి వేటకు పోతున్నాడు. హార్బర్లో అందరూ "వనజాక్షి వచ్చిందా, వనజాక్షికి ఏం పడింది" అంటుంటే బుట్ట పట్టుకుని నవ్వుతూ నిలబడేది నేను. చేపలు బాగా పడితే నీ పేరు మంచిదట. పడకపోతే పొద్దున్నే నా మొహం చూసి పోయాడట. అత్తమ్మ లెక్క అది.

మొన్న తుఫానుకు ఆ పడవే రాళ్ళకు కొట్టుకుని పక్క పగిలింది. ఫైబర్ అతుకు వేయిస్తున్నారు. ఇదే అదనని "పేరు కూడా మార్చు, కలిసొస్తది" అని మీ అన్న చెవిలో అన్నాను. ఫోను మోగితే వినపడని అత్తమ్మకు అది వినపడింది.

"నా బిడ్డ పేరు చెరిపితే నేను పోయి గంగలో దూకతా" అనింది.

"దూకు అత్తమ్మా, నీ బిడ్డకు ఈత వచ్చు గదా, తీస్తది" అన్నాను.

రెండు రోజులు నా చేతి కూడు తినలేదు. మూడో రోజు ఎండు నెత్తళ్ళ వేపుడు చేస్తే తానే కంచం పట్టుకుని వచ్చి కూర్చుంది.

పడవ సంగతి మీ అన్నకు చెప్పాను. తెస్తాడట. ఇంకో సంగతి కూడా ఉంది. నిన్న నేను కూడా పేరిచ్చాను. పెద్దదానికే. ఒక్కదాన్నే.

వదిన
స్వర్ణ

---

విశాఖపట్నం
27 నవంబరు 2025

వదినా,

చదివి ముందు నవ్వాను. మా ఆయన ఏమిటని అడిగితే చెప్పి, ఆయన్నీ నవ్వించాను. ఆ తరువాత నవ్వు రాలేదు.

నీకు ఈత రాదు. నువ్వు పుట్టింది పులికాట్ ఒడ్డున. మీ సరస్సు ఎంత పెద్దదైనా మనిషి నడుం లోతే. మీ ఆడవాళ్ళు నీళ్ళలో వంగి నడుస్తూ చేత్తో రొయ్యలు ఏరుకుంటారు. పెళ్ళయిన కొత్తలో జువ్వలదిన్నె ఒడ్డున అల వచ్చి చీలమండలు తడిపితే అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చిన మనిషివి. నువ్వు మర్చిపోయావేమో, నేను పక్కనే ఉన్నాను. అలాంటి దానివి సముద్రంలో రెండు కిలోమీటర్లు ఈదుతావా? గడువులోపల ఒడ్డుకు రాకపోతే సైకిలు ముట్టుకోనివ్వరు. పడవలో వేసుకుని తెచ్చి ఇసుకలో దించుతారు. నలుగురూ చూస్తారు. పోయేది నీ ఒక్కదాని పరువు కాదు, మా ఇంటిది.

ఎవరు నేర్పుతారు నీకు? అన్న నేర్పడు. నాన్న పోయాక నాకు ఈత నేర్పింది అన్నే. నడుముకి తాడు కట్టి పడవ వెనక నీళ్ళలో వదిలేవాడు. "మునిగితే లాగతా, ఏడిస్తే లాగను" అనేవాడు. ఏడవకుండా ఈదడం అలా వచ్చింది నాకు. ఆ తాడు నాది వదినా. దాని మీద చెయ్యి వేయకు.

ఇక్కడ సాధన బాగానే సాగుతోంది. తెల్లవారగానే బీచ్‌లో ఈత, ఆదివారాలు భీమిలి రోడ్డున సైకిలు. పరుగే కుదరడం లేదు. పదిహేను కిలోమీటర్లు దాటితే కాళ్ళు చెక్కలైపోతున్నాయి. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. రాసేశాను, కొట్టేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని వదిలేస్తున్నాను.

పేరు వెనక్కి తీసుకో. మంచిమాటగా చెబుతున్నాను.

వనజాక్షి

---

జువ్వలదిన్నె
14 డిసెంబరు 2025

వనజకు,

నడుం లోతు మనిషి రాస్తున్నది.

మీ అన్న నేర్పుతున్నాడు. మొదట కుదరదన్నాడు. "సముద్రం నీకు పడదు స్వర్ణా, పరుగు చాలదా?" అన్నాడు. నేను నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు తానే పడవ సర్దుకుని "రా" అన్నాడు. గంగమ్మకు పసుపు కుంకుమ వేసి, ముక్కు మూసుకుని దిగాను. మొదటి రోజు తాగిన ఉప్పునీళ్ళు ఇంటికి వచ్చేదాకా కక్కుతూనే ఉన్నాను. తరువాత జెల్లీచేప గీసుకుని మోచెయ్యి బూరెలా వాచింది. "చాల్లే, ఎక్కు పడవ" అన్నాడు.

"మీ చెల్లెలు ఏడిస్తే ఇట్టనే లాగేసినావా?" అన్నాను.

తాడు ఇంకాస్త వదిలాడు. అవును, నడుముకి తాడు కట్టే నేర్పుతున్నాడు. నీ తాడు ఎప్పుడో చివికి పోయింది, ఇది కొత్త నైలాన్ తాడు. హార్బర్లో అందరికీ నేనే తమాషా అయ్యాను. "పోలేరమ్మ కొడుకు పెళ్ళానికి పలుపు కట్టి సముద్రంలో తోలుకుపోతాండాడు" అని అత్తమ్మ పేరు కూడా కలిపి ఒకటే నవ్వులు. నవ్వుకోనీ. ఒక్కో చెయ్యి వేసేటప్పుడు "వనజ, వనజ" అనుకుంటాను. ప్రేమతో కాదులే. ఆ మాట అనుకుంటే చెయ్యి గట్టిగా పడుతుంది. మొన్న హార్బర్ గోడ నుంచి ఒడ్డు దాకా ఆగకుండా వచ్చాను. మీ అన్న పడవలో లేచి నిలబడి ఈల వేశాడు. ఆయన నీకెప్పుడైనా ఈల వేశాడా? అడిగి తెలుసుకోవాలని రాస్తున్నాను.

పదిహేను దాటితే నీ కాళ్ళు ఎందుకు చెక్కలవుతాయో నాకు తెలుసు. చెప్పను.

పడవ బాగైంది. పేరు అలాగే ఉంది, అత్తమ్మ పుణ్యం. రంగు మాత్రం మార్పించాను. ఏ రంగో ఇప్పుడే చెప్పను, ఒడ్డున నీ కళ్ళతో నువ్వే చూసి మాడిపోదువు గాని.

అత్తమ్మకు ఒంట్లో బాగుంది. నీ గురించి రోజూ అడుగుతుంది, నా గురించి పక్కింటివాళ్ళను అడుగుతుంది.

స్వర్ణ

---

విశాఖపట్నం
3 జనవరి 2026

వదినా,

కొత్త సంవత్సరం అందరికీ మంచి చేయాలి, నీకు కొంచెం తక్కువ చేసినా పర్వాలేదు.

అన్న తాడు కట్టాడని చదివాక రెండు రోజులు ఈతకు పోలేదు. ఏడ్చాను. మా ఆయన "పోటీ అంటే అంత భయమా?" అన్నారు. భయం కాదని ఎలా చెప్పను? పైగా మొన్న ఒకటో తారీఖున ఫోన్ చేస్తే అమ్మ ఏమందో విన్నావు కదా, పక్కనే ఉన్నావు. "మీ వదిన చేపయిపోయిందే వనజా!" అని వీధి అదిరేలా అరిచింది. నాకు స్టేట్ పతకం వచ్చిన రోజు మా అమ్మ అడిగింది ఒకటే, జుట్టు ఆరబెట్టుకున్నావా అని. నువ్వు గోడ దగ్గర్నుంచి ఒడ్డుకు వస్తే చేపవైపోయావు. అన్న నాకు ఎప్పుడూ ఈల వేయలేదు. తెలుసుకున్నావు కదా, ఇక సంతోషంగా ఉండు.

రంగు మార్పించానని నన్ను బెదిరించకు. ఆకుపచ్చ రంగు డబ్బాలు కొన్నానని తుఫాను వెలిసిన వారానికే అన్న నాకు చెప్పాడు. ఆకుపచ్చ మీద పసుపు గీత. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఎంచిన రంగు. నువ్వు పదేళ్ళుగా పేరే మార్పించలేకపోయావు, రంగు మార్పిస్తావా?

ఒక్క మాట విను. నీళ్ళలో దారి తెలియడానికి వాళ్ళు ఎర్ర బుడగలు వేస్తారు. అలల మధ్య తల ఎత్తితే అవి ఒకసారి కనపడతాయి, పదిసార్లు కనపడవు. ఈదేవాళ్ళంతా వాటి కోసం తల పైకెత్తి ఎత్తి అలిసిపోతారు. నాకు ఆ బుడగలతో పని లేదు. అన్న మలుపు దగ్గర నిలబడతాడు. నేను పచ్చ పడవ వైపు చేతులు వేసుకుంటూ పోతాను, చిన్నప్పుడు పోయినట్టే. అలాంటి గుర్తు ఆ రోజు నీళ్ళలో ఉన్న ఎవరికీ ఉండదు. నువ్వు బుడగలు వెతుక్కుంటూ రా.

సెలవు ఒక్క రోజే దొరికింది. ముందు రాత్రి నెల్లూరులో దిగి, తెల్లవారకముందే నేరుగా ఒడ్డుకు వస్తాను. ఇంటికి రాను. వస్తే అమ్మ తినిపించి తినిపించి నన్ను ముంచేస్తుంది.

వనజాక్షి

---

జువ్వలదిన్నె
21 జనవరి 2026

వనజకు,

ఎక్కువ రాయలేను, భుజాలు పీకుతున్నాయి.

నీ పచ్చ పడవ సంగతి చదివాను. నవ్వొచ్చింది. ఎందుకని అడక్కు.

నిన్న మొదటిసారి తాడు లేకుండా సముద్రంలోకి పోయాను. మధ్యలో ఒకచోట కింద చల్లగా తగిలింది, ఎంత లోతుందో అనిపించింది. అంతే, కాళ్ళూ చేతులూ నావి కాకుండా పోయాయి. మీ అన్న జుట్టు పట్టి పైకి లాగాడు. ఇంటికి వచ్చాక వణుకు తగ్గలేదు. అత్తమ్మ నా తల తుడిచింది. పోటీ రోజు నా పక్కనే ఉండమని మీ అన్నను అడిగాను. "పడవ ఎక్కడ పెట్టాల్నో వాళ్ళే చెప్తారు, నా ఇష్టం గాదు" అన్నాడు. చూద్దాం, ఆయన ఎవరి పక్కన ఉంటాడో.

పేరు మాత్రం వెనక్కి తీసుకోను. మునిగినా నీ ముందే మునుగుతాను.

ఇంటికి రానన్నావు కాబట్టి నీ కోసం దాచిన నెత్తళ్ళు నేనే తింటాను. ఒడ్డున కలుద్దాం.

స్వర్ణ

---

విశాఖపట్నం
12 ఫిబ్రవరి 2026

వదినకు,

ఆ మాట రాయబుద్ధి కావడం లేదు. ఇంకేమని పిలవాలో తెలియక రాస్తున్నాను.

వంకాయ రంగు! ఏ తల్లి కన్న బిడ్డయినా పడవకు వంకాయ రంగు వేయిస్తుందా?

నేను ఒడ్డుకు వచ్చేసరికి ఇంకా చీకటే. పడవలన్నీ అప్పటికే లోపలికి పోయాయి. నువ్వు నా పక్కన నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నావు. పలకరించలేదు, నేనూ పలకరించలేదు. వెలుగు వచ్చింది. దూరంగా పచ్చ పడవ కనపడింది, పసుపు గీతతో సహా. ఈల వేశారు, దూకాను. ముందున్న నలుగురైదుగురిలో నేనూ ఉన్నాను. ఎర్ర బుడగ దగ్గర అందరూ తిరిగారు. అన్న ఇంకా అవతల ఉన్నాడు కదా, వీళ్ళు తొందరపడి తిరుగుతున్నారు అనుకున్నాను. నా వెనక ఎవరో ఈల వేస్తూనే ఉన్నారు. అది వాళ్ళ కోసం అనుకున్నాను. చేతులు వేసుకుంటూ పోయాను, పోయాను, పోయి పడవ అంచు పట్టుకుని తలెత్తితే పెంచలకృష్ణ అన్న బీడీ కాలుస్తున్నాడు.

"ఏమ్మా వనజా, ఇట్టొచ్చినావేంది? మీ అన్న అదిగో, ఆడుండాడు గదా" అన్నాడు.

వెనక్కి చూశాను. అందరికన్నా వెనక, నిదానంగా ఈదేవాళ్ళ పక్కన, వంకాయ రంగు పడవ. దాని మీద నా పేరు. అందులో మా అన్న. దాని నీడలో నువ్వు.

ఒడ్డుకు వచ్చేసరికి సైకిళ్ళ దగ్గర నీ పాత సైకిలు లేదు. నీళ్ళలో నువ్వు నాకన్నా ముందు! అక్కడే నాకు పిచ్చెక్కింది. కొడవలూరు దాకా ఎలా తొక్కానో తెలియదు. చేలలో మనుషులు పని ఆపి చూశారు. హైవే ఇంకా రాకముందే నిన్ను దాటాను, పక్కకు కూడా చూడలేదు. ఆ ఊపంతా పరుగులో చెల్లించాను. రొయ్యల గుంటల రోడ్డు మీద సగం దాటాక కాళ్ళు ఇక నావి కాలేదు. తూము గట్టు మీద కూర్చుండిపోయాను. అప్పుడు నువ్వు వచ్చావు. నా మొహంలోకి చూశావు. చూసి, ఆగకుండా పోయావు. నీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. రోడ్డున పోయే మనిషైనా అడుగుతారు.

నన్ను కారులో ఎక్కించుకుని వచ్చారు. నీ మెడలో పతకం వేస్తుంటే నేను వెనక సీట్లో నుంచి చూశాను. దిగలేదు. మా పాళెంలో మొదటి మనిషివి నువ్వయ్యావు. పుట్టింది మా పాళెంలో కూడా కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. పచ్చ పడవ వైపే పోతానని నేను జనవరిలోనే రాశాను. నువ్వు చదివావు. నవ్వొచ్చిందని కూడా రాశావు. ఆ పడవ పచ్చది కాదని ఒక్క ముక్క రాయలేదు. కావాలనే చేశావు కదా? చేశానని రాయి. ఇంకేమీ అక్కర్లేదు.

వనజాక్షి

---

జువ్వలదిన్నె
20 ఫిబ్రవరి 2026

వనజకు,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని అత్తమ్మ నన్ను తిడుతోంది. పతకం తెచ్చి చూపిస్తే "నా బిడ్డ ఎందుకు మాట్లాడదు, అది చెప్పు ముందు" అనింది.

వంకాయ రంగు నాకిష్టం. పేరు కుదరలేదు కాబట్టి రంగైనా నాది కావాలని మీ అన్నతో పోట్లాడి వేయించాను. ఆయన అంతకుముందే కొన్న పచ్చ డబ్బాలు, పసుపు డబ్బా పెంచలకృష్ణకు ఇచ్చేశాడు. అతనవి తన పడవకు వేసుకున్నాడు. నీ ఉత్తరం చదివి నవ్వింది నిజమే. ఒడ్డున పడవలు చూసి నీ మొహం మాడిపోతే, "ఏదమ్మా నీ పచ్చ పడవ?" అని అడగాలని. ఆ ఒక్క మాట కోసం చెప్పకుండా దాచాను. పడవలు చీకట్లోనే లోపలికి పోతాయని నాకు తట్టలేదు. మీ అన్నను వెనక నిలబెట్టింది నిర్వాహకులు. నేను అడిగిన మాట నిజం, వాళ్ళు నేను అడిగినందుకు పెట్టలేదు.

కానీ నువ్వు అడిగింది వేరు. నువ్వు దారి తప్పాలని కావాలనే చేశావా అన్నావు. లేదు వనజా. ఒడ్డున నిలబడ్డాక నువ్వు నాకు గుర్తే లేవు.

నా పక్కన నాలుగు అడుగుల్లో నిలబడ్డానంటున్నావు. నేను చూడలేదు. నేను అలల్నే చూస్తున్నాను. నీళ్ళలోకి దిగాక ఎప్పటిలాగా "వనజ, వనజ" అనుకుందామంటే ఆ పేరు రాలేదు. ఎవరి పేరూ రాలేదు. ఊపిరి, చెయ్యి, ఊపిరి, చెయ్యి. మీ అన్న పక్కనే ఉన్నాడని కూడా పోటీ అయ్యాక ఆయన చెబితే తెలిసింది. సైకిలు మీద నువ్వు నన్ను దాటావా? ఎవరెవరో దాటారు. తూము గట్టు మీద ఎవరో కూర్చుని ఉండటం గుర్తుంది. నీ మొహంలోకి చూశానన్నావు. నా కళ్ళ నిండా ఉప్పు, చెమట. నాకు ఆ రోడ్డు తప్ప ఏమీ కనపడలేదు. చూసి ఉంటే ఆగేదాన్నో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆగకపోయేదాన్నేమో. కానీ చూడలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నువ్వు నా తలలో లేని రోజు అదొక్కటే.

పతకం వేశాక గుర్తొచ్చావు. "మా వనజ ఏది?" అని అడిగాను. కారులో వచ్చి, అట్నుంచి అటే వెళ్ళిపోయిందన్నారు. నాకు ఎగిరి గంతేయాలనిపించాలి కదా, ఎదురుచూశాను, ఆ సంతోషం రాలేదు. ఇప్పటికీ రాలేదు. హార్బర్లో "వనజాక్షి వచ్చిందా?" అని అడుగుతుంటే మంట పుట్టడం లేదు. పడవ వచ్చిందా అని అడుగుతున్నారు, అంతే కదా అనిపిస్తోంది. నీ మీద నాకున్న కుళ్ళు ఎక్కడ పోయిందో తెలియదు. ఇంట్లో ఉప్పు అయిపోయినట్టుంది, ఏం వండినా రుచి లేదు.

ఇంక దాచుకుని లాభం లేదు కాబట్టి నీ కాళ్ళ సంగతి చెబుతాను. నువ్వు మొదటి నాలుగైదు కిలోమీటర్లు నేను వెనక తరుముతున్నట్టు పరిగెత్తుతావు. ఒకసారి తిరిగి చూస్తావు. వెనక నేను లేనని తెలిస్తే ఇక నీ కాళ్ళు కదలవు. నువ్వు ఇంటికి వచ్చి నాతో సాధన చేసేటప్పుడు ఎన్నిసార్లు చూశానో. నిదానంగా మొదలుపెట్టు.

అత్తమ్మకు ఫోన్ చెయ్యి.

నీ వదిన
స్వర్ణ

---

విశాఖపట్నం
1 మార్చి 2026

వదినా,

అమ్మతో మాట్లాడాను. నీతో "పతకం వచ్చినందుకు సంతోషం వదినా" అన్నాను. అది అమ్మ కోసం.

కావాలనే చేశానని నువ్వు రాసి ఉంటే ఎంత బాగుండేది! తిట్టడానికి రెండు కాగితాలకు సరిపడా మాటలు సిద్ధం చేసుకున్నాను. ఇన్నాళ్ళూ ఆ కోపంతోనే తిన్నాను, ఆ కోపంతోనే పడుకున్నాను. నన్ను ఓడించడానికి మా వదిన పడవ రంగే మార్పించింది, అంత భయం నేనంటే, అనుకుంటే లోపల ఎక్కడో బాగానే ఉండేది కూడా. ఇప్పుడు నువ్వు నన్ను చూడనే లేదంటున్నావు.

నేను చూశాను వదినా. పెంచలకృష్ణ అన్న పడవ పట్టుకుని నీళ్ళు తొక్కుతూ నిన్నే చూశాను. కొడవలూరు రోడ్డు మీద నీ వీపు కనపడగానే నా ఒంట్లో ఉన్నదంతా నిన్ను దాటడానికి అక్కడే పోసేశాను. పరుగుకు ఏమీ మిగలకపోవడానికి కారణం అదే. నువ్వేమో "ఎవరెవరో దాటారు" అని రాశావు. వంకాయ రంగును క్షమించగలను. ఆ ఒక్క మాటను క్షమించలేకపోతున్నాను.

ఇక్కడ అందరూ మంచివాళ్ళు. ఆఫీసులో "పర్లేదు మేడం, అంత దూరం ప్రయత్నించడమే గొప్ప" అంటున్నారు. మా ఆయన నా కాళ్ళకు నూనె రాస్తూ ఆరోగ్యం ముఖ్యమంటున్నారు. నేను గెలిస్తే మిఠాయి తింటారు, ఓడితే ఓదారుస్తారు. ఏదైనా ఒకటే వాళ్ళకు. నన్ను చూసి ఒళ్ళు మండే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరు లేరు.

వచ్చే ఏడాది మళ్ళీ అక్కడే పెడతారట. పేర్లు తీసుకోగానే నేను ఇస్తాను. ఈసారి ముందే చెబుతున్నాను. నువ్వూ ఇవ్వు. పడవకు ఏ రంగు కావాలంటే ఆ రంగు వేయించుకో. పేరు కూడా నీది రాయించుకో, అమ్మతో నేను మాట్లాడతాను, స్పీకర్లోనే మాట్లాడతాను. మే నెలలో సెలవు పెట్టి ఇంటికి వస్తాను. ఆ రొయ్యల గుంటల రోడ్డు మీద నేను ముందు పరిగెత్తుతాను, నువ్వు నా వెనక రా. దాటగలిగితే దాటు. నేను నీళ్ళలో నీ ముందు ఈదుతాను, నా మడమలు చూసి నీకు మంట పుట్టాలి.

కుళ్ళు పోయిందని మాత్రం ఇంకోసారి రాయకు. ఎక్కడ పోయిందో వెతుకు. ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, అమ్మను అడిగితే చూపిస్తుంది. దొరక్కపోతే నేను వచ్చి రెండు మాటలంటాను, అదే వస్తుంది. నాకింకొకరు దొరకరు వదినా. నీలాంటి దాన్ని తయారు చేసుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

నీ
వనజ